లెంటు ఉపవాసాలూ, తాళం వేసిన చర్చి హాలూ

లెంటు రోజులు కదా, అంటే ఈస్టరుకి ముందొచ్చే నలభై ఉపవాస దినాలు, మా కడపలో చాలా చర్చి సంఘాల్లో శుక్రవారం ఉపవాస కూడిక ఉంటుంది, పొద్దుననుంచీ పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టకుండా కూర్చునే పెద్దోళ్ళు ఉంటారు, వాళ్ళ భక్తిని నేను తక్కువ చేసి మాట్లాడను. కానీ ఈ నలభై రోజుల్లో నన్ను వదలకుండా పట్టుకునేది మాత్రం బైబిల్లో యెషయా గ్రంథం 58వ అధ్యాయం. అందులో జనం దేవుణ్ణే నిలదీస్తారు, మేమింత ఉపవాసం ఉంటే నువ్వు చూడవేంది అని. ఏడో వచనంలో జవాబు ఉంది: "నీ ఆహారము ఆకలిగొనినవారికి పెట్టుటయు నీ రక్తసంబంధికి ముఖము తప్పింపకుండుటయు దిక్కుమాలిన బీదలను నీ యింట చేర్చుకొనుటయు వస్త్రహీనుడు నీకు కనబడినప్పుడు వానికి వస్త్రములిచ్చుటయు ఇదియే గదా నాకిష్టమైన ఉపవాసము?"

అన్నం పెట్టడం, బట్టలివ్వడం మనం బాగానే చేస్తాం, ఫొటోలు కూడా బాగా వస్తాయి. మధ్యలో ఇంకో రెండున్నాయే, వాటి దగ్గరికొచ్చేసరికి గబగబా చదివేసి ముందుకు పోతాం.

మా యూత్ పిల్లోళ్ళు శనివారం రాత్రి రైల్వే స్టేషన్ రోడ్డులో ఇల్లు లేకుండా ఉండేవాళ్ళకి అన్నం ప్యాకెట్లు తీసుకపోతారు. బిర్యానీ కాదు, పళ్ళు లేని ముసలోళ్ళు చికెన్ ముక్క నమల్లేరు, అందుకని మెత్తగా పిసికిన పెరుగన్నం, పక్కన ఊరగాయ. మనది ముంబై చెన్నై లైను కాబట్టి ఎక్కడెక్కడివాళ్ళో దిగి ఇక్కడే ఉండిపోతారు, తెలుగు ఒక్క ముక్క రాదు, వాళ్ళతో మాట్లాడడానికి పక్కవీధి సాయిబు ఒకాయన తోడొస్తాడు, ఆయన ఉర్దూలో పలకరించినాక మొహాలు విప్పారేది చూడాల. ఇప్పుడు అన్న క్యాంటీన్లో 5 రూపాయలకే భోజనం దొరుకుతుంది కాబట్టి పగలు కడుపు ఎట్లోకట్ల నిండుతుంది. ఏం కావాలని అడిగితే ఎక్కువమంది చెప్పేది స్నానం. ఆడోళ్ళయితే మరీ, గొంతు తగ్గించి చెప్తారు.

ఇక్కడే ఆ "నీ యింట" అనే మాట గుచ్చుకుంటుంది. అందరం బాడుగ ఇళ్ళల్లో ఉన్నాం, ఓనర్లు ఒప్పుకోరు, నిజమే, కానీ చర్చి హాలు ఎవరిది? ఫ్యాన్లున్నాయి, కొళాయి ఉంది, బాత్రూములున్నాయి, వారంలో చాలా రాత్రులు తాళమే. ఇల్లు లేనోళ్ళ కోసం లక్ష జనాభాకి ఒక వసతి గృహం ఉండాలని 2010లో సుప్రీంకోర్టు చెప్పింది, తర్వాత వచ్చిన కేంద్రం స్కీములో ఒక్కో మనిషికి 50 చదరపు అడుగులు చోటుండాలని రాసుకున్నారు, ఆ లెక్కన మీ హాల్లో ఎంతమంది పడతారో చూసుకోండి ఒకసారి. మా కమిటీలో ఈ మాట ఎత్తితే కార్పెట్ పాడవుతుందన్నారు, మైకులు పోతాయన్నారు, అప్పుడు ఒక పెద్దామె లేచి "మనుష్యకుమారునికి తలవాల్చుకొనుటకైనను స్థలములేదు" అని యేసు తన గురించి చెప్పుకున్న మాట చెప్పి కూర్చునేసింది, అంతే, ఇంకేం మాట్లాడలా. రాత్రి పడుకోడానికి ఇంకా ఒప్పుకోలేదు, శనివారం పొద్దున బాత్రూములు మాత్రం తెరుస్తున్నారు, సంఘంలోనే ఒకాయనకి సెలూన్ ఉంది, ఆయన వచ్చి జుట్టు, గడ్డం తీస్తాడు.

ఇక రక్తసంబంధి మాట. స్టేషన్ గోడవారగా ఒక అవ్వ ఉంటుంది, ప్లాస్టిక్ కవర్లో ఆధార్ కార్డు మడతపెట్టి జాకెట్లో దోపుకోనుంటుంది. కొడుకులు లేరా అవ్వా అంటే "ఉండాడు నాయనా, ఒకటో తారీకు వస్తాడు" అనింది. ఒకటో తారీకు అంటే పింఛను రోజు, 4 వేలు. వేలిముద్ర పడాల కదా, బండి మీద ఊరికి తీసుకపోయి, వేలు పెట్టించి, సాయంత్రానికి మళ్ళీ ఇక్కడ దించి పోతాడంట. దీన్ని ఆమె ఫిర్యాదు మాదిరి చెప్పలేదు, బస్సు టైము చెప్పినట్టు చెప్పింది. ఆ కొడుకుని తిట్టడం తేలికే, కానీ ఈ వచనం మొన్న పాస్టరయ్య చదివినప్పుడు హాల్లో తల దించుకున్నోళ్ళు ఉండారు, వాళ్ళల్లో కానుకలు బాగా ఇచ్చేవాళ్ళూ ఉండారు. పాస్టరయ్య ఆ కొడుకుతో మాట్లాడతానన్నాడు, ఊరు కనుక్కున్నాడు, ఏమవుతుందో చూడాల.

ఈ శనివారం వచ్చేవాళ్ళు దుప్పట్లు తేవద్దు, ఈ ఎండలకి అవి మోసుకోని తిరగలేరు. చెప్పులు తెండి, పాతవైనా తెగనివి, సబ్బులు, దోమల చక్రాలు, ఆడోళ్ళకి లోపలి బట్టలు కొత్తవే తెండి. పొద్దున ఆరింటికి చర్చి గేటు తీస్తారు.