హైదరాబాద్ స్క్వాడ్రన్ స్పిట్‌ఫైర్: మూడు 1/48 కిట్లు, పని ఎక్కడిదాకా వచ్చిందంటే

బల్ల మీద ఇప్పుడు స్పిట్‌ఫైర్ మార్క్ 1 (రెండో ప్రపంచయుద్ధపు బ్రిటిష్ ఫైటర్ విమానం, దాని మొదటి రకం) ప్లాస్టిక్ మోడల్ కిట్లు మూడున్నాయి, మూడూ 1/48 స్కేలే, అంటే అసలు విమానంలో 48వ వంతు సైజు. మూడూ మూడు కంపెనీలవి. ఎయిర్‌ఫిక్స్‌కి రెక్కలు అతికించి అతుకులు రుద్దడం అయిపోయింది, ప్రైమర్ (రంగుకి ముందు వేసే అడుగు పూత) వేయాలి. టామియాకి కామోఫ్లాజ్ (శత్రువు కంట పడకుండా వేసే) రంగులు పూర్తయ్యాయి, గ్లాస్ కోట్ (మెరిసే పారదర్శక పూత) బాకీ. ఎడువార్డ్ మాత్రం ఇంకా కాక్‌పిట్ దగ్గరే ఉంది, దానిలో పనంతా అక్కడే ఉంటుంది కాబట్టి తొందరపెట్టడం లేదు. మూడింటికీ ఒకే స్క్వాడ్రన్ (వైమానిక దళంలో ఒక విభాగం) గుర్తులు వేస్తున్నా, అక్షరాలు మాత్రం వేర్వేరు.

ఆ స్క్వాడ్రన్ 152. బ్రిటన్ వైమానిక దళమైన రాయల్ ఎయిర్‌ఫోర్స్ రికార్డుల్లో దాని పేరు పక్కనే హైదరాబాద్ అని ఉంటుంది. ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ ఇచ్చిన డబ్బుకి గుర్తుగా ఆ పేరు పెట్టారు, స్క్వాడ్రన్ చిహ్నం మీద నిజాం తలపాగా ఉంటుంది, నినాదం "విశ్వాసపాత్రుడైన మిత్రుడు" అనే అర్థంలో ఉంటుంది. మొదటి ప్రపంచయుద్ధంలో 110 స్క్వాడ్రన్‌కి కూడా ఆయన విమానాలిచ్చారు, రెండో యుద్ధంలో హరికేన్లు నడిపిన 253 స్క్వాడ్రన్ పేరులోనూ హైదరాబాద్ స్టేట్ ఉంది. 152 వాళ్లు 1940 జులైలో ఇంగ్లండ్ ఉత్తరాన ఉన్న యాక్లింగ్టన్ నుంచి దక్షిణ తీరంలోని వార్మ్‌వెల్‌కి వచ్చి, పోర్ట్‌లాండ్ నౌకాస్థావరం మీదకి వచ్చే జర్మన్ విమానాలతో తలపడ్డారు. తర్వాత బర్మా దాకా వెళ్లి స్పిట్‌ఫైర్ మార్క్ 8 లు నడిపారు, వాటి మీద దూకుతున్న నల్ల చిరుత బొమ్మ ఉండేది. ఇక్కడ హైదరాబాద్‌లో కూచుని స్పిట్‌ఫైర్ చేస్తూ, ఈ స్క్వాడ్రన్‌ని వదిలేసి ఇంకోటి వేయడానికి నాకు మనసు రాలేదు. చార్మినార్ బొమ్మ గీసుకునే పిల్లలకి కూడా ఈ సంగతి తెలియాలని నా కోరిక.

సరే, కిట్ల సంగతి. ఏది కొనాలి అని అడిగేవాళ్లకి నేను చెప్పేది ఒకటే: ముందు ఏ నెల విమానం చేస్తారో తేల్చుకోండి. మార్క్ 1 అనేది ఒక్క విమానం పేరులా వినిపిస్తుంది గానీ 1938 నుంచి 1940 చివరిదాకా అది మారుతూనే ఉంది. మొదట్లో రెండు రెక్కల చెక్క ప్రొపెల్లర్, పైన బల్లపరుపు కానోపీ (పైలట్ తల మీది అద్దపు మూత). తర్వాత మూడు రెక్కల డి హావిలాండ్ ప్రొపెల్లర్, తల పట్టేలా ఉబ్బిన కానోపీ, ముందు అద్దానికి బయటివైపు మందపాటి కవచం అద్దం వచ్చాయి. 1940 వేసవిలో ప్రొపెల్లర్ లోపలి యంత్రాంగం మార్చి కాన్‌స్టంట్ స్పీడ్ చేశారు, బయటికి పెద్ద తేడా కనిపించదు కాబట్టి మనకి దాంతో పనిలేదు. గుర్తుల విషయంలో మాత్రం నెలనెలకీ తేడా ఉంది. మే నెలలో తోక మీద మూడు రంగుల పట్టీ, పక్కల రౌండెల్ (గుండ్రటి బ్రిటిష్ గుర్తు) చుట్టూ పసుపు వలయం వచ్చాయి. జూన్‌లో కింది భాగం నలుపు తెలుపు పోయి లేత ఆకుపచ్చ ఛాయ ఉన్న స్కై రంగు వచ్చింది. ఆగస్టులో రెక్కల కింద రౌండెల్స్ మళ్లీ వేయమన్నారు. తోక దగ్గర స్కై రంగు పట్టీ, స్కై రంగు స్పిన్నర్ (ప్రొపెల్లర్ మధ్యలోని మొన మూత) నవంబరు చివరికి గానీ రాలేదు. అంటే "బ్యాటిల్ ఆఫ్ బ్రిటన్" (1940 జులై నుంచి అక్టోబరు దాకా సాగిన గగనయుద్ధం) అని రాసి తోక దగ్గర స్కై పట్టీ వేసిన మోడల్ కనిపిస్తే అది తప్పు తేదీ. నేను ఎంచుకున్నది సెప్టెంబరు మొదటి వారం: ఉబ్బిన కానోపీ, కవచం అద్దం, డి హావిలాండ్ ప్రొపెల్లర్, నల్ల స్పిన్నర్, రెక్కల కింద రౌండెల్స్, తోక దగ్గర స్కై పట్టీ లేదు.

ఈ తేదీకి మూడు కిట్లూ పనికొస్తాయి. అదే 1939 విమానం కావాలంటే డబ్బా కొనేముందు అందులో రెండు రెక్కల ప్రొపెల్లర్, బల్లపరుపు కానోపీ ఉన్నాయో లేవో ఫ్రేముల (భాగాలు అంటుకుని వచ్చే ప్లాస్టిక్ చట్రాల) ఫోటోలు చూసి నిర్ధారించుకోవాలి. పైన బొమ్మ చూసి కొంటే నిరాశే.

ఎయిర్‌ఫిక్స్ గురించి మొదట. పాత ఎయిర్‌ఫిక్స్ అచ్చుల గురించి కాదు, 2010ల మధ్యలో కొత్తగా చేసిన అచ్చు గురించి చెప్తున్నా. ఆకారం చాలా బాగుంటుంది. స్పిట్‌ఫైర్ రెక్క కింద, వెనకవైపు, శరీరానికి కలిసే చోట ఒక చిన్న వంపు ఉంటుంది, పాత కిట్లు చాలావాటిలో అది పూర్తిగా చదునైపోయేది, ఇందులో సరిగ్గా వచ్చింది. కాక్‌పిట్ పక్కగోడలు విడిగా వస్తాయి కాబట్టి రంగు వేయడం సులువు. ప్లాస్టిక్ కాస్త మెత్తన, అందుకని నిప్పర్‌తో ఫ్రేమ్ నుంచి దూరంగా కత్తిరించి, మిగిలిన ముక్క కొత్త బ్లేడుతో తీయాలి. ప్యానెల్ గీతలు వెడల్పు, లోతు ఎక్కువ, అందరూ దీన్నే తప్పుపడతారు. నాకు అదంత పెద్ద సమస్య అనిపించదు, ఎందుకంటే ప్రైమర్, రెండు రంగులు, గ్లాస్, మ్యాట్ అన్నీ పడేసరికి గీత సగం పూడిపోతుంది. అయినా గీతలు ఇంకా సన్నగా కావాలనుకుంటే పలచగా కలిపిన ప్రైమర్ రెండు పొరలు వేసి, 1000 నంబర్ వాటర్ పేపర్‌తో తడిపి రుద్దితే చాలు. రెక్క శరీరానికి కలిసే చోట జిగురు పెట్టకముందే బిగించి చూసి, అవసరమైతే లోపల ఒక ప్లాస్టిక్ ముక్క అడ్డంగా పెట్టి శరీరాన్ని కొంచెం వెడల్పు చేస్తే పుట్టీ అవసరం దాదాపు తప్పుతుంది. స్పిట్‌ఫైర్‌లో అందం అంతా ఆ మూల దగ్గరే ఉంది, అక్కడ పుట్టీ పూసి రుద్దితే ఆ నున్నటి వంపు పోతుంది. పుట్టీ తప్పనిసరైతే మోడల్ పుట్టీ దొరక్కపోయినా కార్ల పెయింట్ షాపుల్లో దొరికే ఎన్‌సీ పుట్టీ పనిచేస్తుంది. పలచగా పూయాలి, పూర్తిగా ఆరనివ్వాలి, మందంగా పూస్తే కుంచించుకుపోయి గీత మళ్లీ బయటపడుతుంది.

టామియా కొత్త అచ్చు 2018 చివర్లో వచ్చింది. డబ్బా మీద కేవలం పేరు చూసి కొనకండి, 1990ల నాటి టామియా మార్క్ 1 కూడా ఇంకా అక్కడక్కడా షాపుల్లో కనిపిస్తుంది, రెండూ వేర్వేరు కిట్లు. కొత్తదాని గురించి ఎంత చెప్పినా తక్కువే. భాగం కత్తిరించి పెడితే టక్కుమని కూచుంటుంది, జిగురు పెట్టకుండానే విమానం నిలబడుతుందా అన్నట్టు ఉంటుంది. రెక్కల వంపు తప్పే అవకాశం దాదాపు లేదు, అయినా ఆరేముందు రెండు రెక్కల చివర్లూ బల్ల నుంచి ఒకే ఎత్తులో ఉన్నాయా అని స్కేల్ పెట్టి చూసుకోవడం మంచిది. పలచటి జిగురు సందులో బ్రష్ తాకిస్తే చాలు, అదే పీల్చుకుంటుంది. సీటు బెల్టులు లోహపు రేకులో వస్తాయి గానీ రంగు మనమే వేసుకోవాలి. 1940 నాటి సట్టన్ బెల్టులు (అప్పటి బ్రిటిష్ పైలట్ల సీటు బెల్టులు) లేత గోధుమరంగు గుడ్డ, చిల్లుల చుట్టూ ఇత్తడి వలయాలు. సన్న బ్రష్‌తో ఆ చుక్కలు పెడితే ఆ చిన్న కాక్‌పిట్‌కి ప్రాణం వస్తుంది. ఉపరితలం మీద గీతలు సన్నగా, పద్ధతిగా ఉన్నాయి, రివెట్లు అవసరమైనచోటే పెట్టారు. పనిలో అడ్డంకి లేకుండా రంగు దాకా వెళ్లాలంటే నా ఓటు దీనికే.

ఎడువార్డ్ చెక్ కంపెనీ, వాళ్ల మార్క్ 1 2020లో వచ్చింది. ఇది పూర్తిగా వేరే మనస్తత్వం. ఉపరితలమంతా రివెట్ల వరసలు, అవి కూడా దగ్గర్నుంచి చూస్తేనే తెలిసేంత సన్నవి. వెలుతురు పక్కనుంచి పడినప్పుడు చూస్తే ఈ మూడింటిలో దీని రెక్కే అందంగా ఉంటుంది, ఆ విషయంలో నాకు అనుమానం లేదు. వాళ్ల ప్రొఫీప్యాక్ రకం డబ్బాలో రంగు ముద్రించిన లోహపు రేకులు, రంగు పడకూడని చోట అంటించడానికి కత్తిరించిన మాస్కులు కూడా వస్తాయి. డయల్ బోర్డు పొరలు పొరలుగా అతికించాలి, ఒక్కో పొరకీ పట్టకారు కొసంత జిగురు. తొందరపడితే కాక్‌పిట్ వెడల్పు పెరిగి శరీరం రెండు సగాలు మూసుకోవు. అందుకే ప్రతి రేకు అతికించాక రెండు సగాలూ మూసి చూస్తున్నా. ఫ్రేముల్లో వేరే మార్కులకి చెందిన భాగాలు చాలా మిగిలిపోతాయి, పారేయకుండా డబ్బాలో దాచుకోండి, ప్రొపెల్లర్లూ కానోపీలూ తర్వాత ఎయిర్‌ఫిక్స్‌కి ఆసరా అవుతాయి. ఇది మొదటి కిట్‌గా ఎవరికీ చెప్పను. నాలుగైదు విమానాలు చేసి, చేతికి అలవాటైనవాళ్లకి మాత్రం తప్పకుండా చెప్తాను.

పిల్లలకి, కొత్తవాళ్లకి ఎయిర్‌ఫిక్స్ 1/72 కొత్త అచ్చు ఉంది. అసలు విమానం రెక్కల వెడల్పు 11.23 మీటర్లు, 1/48లో అది 234 మి.మీ., 1/72లో 156 మి.మీ. అరచేతిలో సరిపోయే సైజు, భాగాలు తక్కువ, ధర తక్కువ. ఒక ఆదివారం కూచుంటే ఆకారం వస్తుంది. రంగుల ప్రాక్టీసుకి కూడా అదే వాడాను.

రంగుల దగ్గర కొంచెం ఆగాలి. పైన డార్క్ ఎర్త్, డార్క్ గ్రీన్, కింద స్కై. గున్జే కంపెనీ రంగుల్లో ఇవి హెచ్-72, హెచ్-73, హెచ్-74. టామియాలో ఎక్స్‌ఎఫ్-52, ఎక్స్‌ఎఫ్-81, ఎక్స్‌ఎఫ్-21, వీటిలో ఎక్స్‌ఎఫ్-21 సీసాలోంచి అలాగే వేస్తే పచ్చదనం ఎక్కువగా కనిపిస్తుంది, కొంచెం తెలుపు కలిపితే నాకు నచ్చింది. కాక్‌పిట్ లోపల బూడిద పచ్చకి ఎక్స్‌ఎఫ్-71 వాడాను. అది జపాన్ విమానాల రంగే అయినా స్పిట్‌ఫైర్ లోపలికి దగ్గరగా ఉంటుంది. కాక్‌పిట్ వెనక శరీరం లోపలంతా వెండిరంగు. కామోఫ్లాజ్ అంచు గురించి చాలామంది కొట్టుకుంటారు. ఫ్యాక్టరీలో చాపల్లాంటి మాస్కులు పెట్టి స్ప్రే చేసేవాళ్లు, కాబట్టి అంచు మెత్తనే గానీ చాలా సన్నం. అసలు విమానం మీద అంగుళం వెడల్పు మసక అంచు ఉంటే 1/48లో అది అర మిల్లీమీటరు. ఫ్రీహ్యాండ్‌గా అంత సన్నగా రావడం కష్టం, అందుకని బ్లూట్యాక్‌ని (మెత్తటి జిగురు ముద్ద) సన్నటి తాడులా చేసి అంచు వెంబడి పరిచి, లోపలివైపు టేపుతో కప్పి, ఎయిర్‌బ్రష్ (గాలితో రంగు చిమ్మే పరికరం) నిటారుగా పట్టి వేశాను. పక్కకి వాలిస్తే ఒకవైపు అంచు పదునుగా, ఇంకోవైపు మసకగా వస్తుంది.

మన ఎండల్లో ఎయిర్‌బ్రష్ వాడేవాళ్లకి ఇంకో మాట. ఏప్రిల్, మే నెలల్లో యాక్రిలిక్ రంగు సూది కొన దగ్గరే ఎండిపోతుంది, 0.3 మి.మీ. నాజిల్ అయితే మరీ టెన్షన్. రిటార్డర్ (రంగు ఆరడం ఆలస్యం చేసే ద్రవం) కొన్ని చుక్కలు వేసి, గాలి ఒత్తిడి 15 పీఎస్‌ఐ దగ్గర పెట్టి, పొద్దున్నే పని ముగిస్తే హాయి. టామియా రంగుని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో పలచన చేయొచ్చు, కానీ లాకర్ థిన్నర్‌తో ఇంకా నున్నగా కూచుంటుంది. థిన్నర్ మండే పదార్థం కాబట్టి విదేశాల నుంచి విమానంలో రాదు, ఇక్కడి షాపుల్లో స్టాకు ఉన్నప్పుడే తీసిపెట్టుకోవాలి. కిటికీ తెరిచి, మాస్కు పెట్టుకుని వాడండి, ఇంట్లో చిన్నపిల్లలుంటే ఆ గదిలోకి రానివ్వద్దు. వానాకాలంలో సమస్య తిరగబడుతుంది: గాలిలో తేమకి గ్లాస్ కోట్ మీద తెల్లటి పొగలాంటి మసక వస్తుంది. కంప్రెసర్‌కి నీటి ట్రాప్ తప్పనిసరి. టామియా విమానానికి గ్లాస్ వేయకుండా ఆపింది కూడా ఈ ముసురు వల్లే, రెండు రోజులు ఎండ కాస్తే వేస్తా.

డెకాల్స్ (నీళ్లలో తడిపి అంటించే గుర్తులు) విషయంలో డబ్బాలో వచ్చినవి వాడటం లేదు. 152 స్క్వాడ్రన్ అక్షరాలు యూఎమ్, వాటి తర్వాత రౌండెల్ అవతలివైపు విమానం సొంత అక్షరం. ఎక్స్‌ట్రాడెకాల్ వాళ్లు బూడిద రంగు అక్షరాలు మాత్రమే ఉన్న షీట్లు వేర్వేరు ఎత్తుల్లో అమ్ముతారు. 24 అంగుళాల అక్షరం 1/48లో 12.7 మి.మీ., 30 అంగుళాలది దాదాపు 16 మి.మీ. షీట్ కొనేముందు ఫోటోలో అక్షరం ఎత్తుని రౌండెల్ వ్యాసంతో పోల్చి చూసుకోండి, ఒక్కో స్క్వాడ్రన్‌ది ఒక్కో తీరు. సీరియల్ నంబరు కూడా ఫోటో ఆధారంగానే ఎంచుకోవాలి, ఎందుకంటే కామోఫ్లాజ్ నమూనా రెండు రకాలు, ఒకటి ఇంకోదానికి అద్దంలో బింబం. నంబరు ఒకటి, నమూనా ఇంకోటి అయితే తెలిసినవాళ్లకి ఇట్టే కనిపిస్తుంది.

మిగిలిన పని: టామియాకి గ్లాస్, డెకాల్స్, రెక్క ముందంచున ఎనిమిది తుపాకి రంధ్రాల మీద ఎర్ర గుడ్డ పట్టీలు. నేల నుంచి లేవకముందు రంధ్రాల్లోకి దుమ్ము, తేమ పోకుండా అంటించేవాళ్లు, కాల్చగానే చిరిగిపోయేవి. అందుకని ఇప్పుడే గస్తీకి బయల్దేరుతున్నట్టు నిండుగా పెడతా, వెనక తుపాకి పొగ మసి వేయను. వార్మ్‌వెల్ గడ్డి మైదానం కాబట్టి చక్రాలకి, ఫ్లాపుల కింద మట్టి రంగు పొడి, ఎడమ రెక్క మూలలో పైలట్, మెకానిక్ ఎక్కి దిగిన అరుగుదల. ఎయిర్‌ఫిక్స్‌కి బూడిద ప్రైమర్ ఈలోపే అయిపోతుంది. ఎడువార్డ్ డయల్ బోర్డు అతికింది, సీటు మిగిలింది. సీటు మీద వెనక నల్ల తోలు దిండు, సీటుకి ఎర్ర గోధుమ రంగు వేయాలా బూడిద పచ్చ వేయాలా అన్నది విమానం తయారైన నెలని బట్టి ఉంటుంది కాబట్టి సీరియల్ నంబరు ఖాయం అయ్యేదాకా దాన్ని పక్కన పెట్టాను.