నిలబడిపోయిన ఇత్తడి గొట్టం

కొత్త పిస్టల్‌తో షూటింగ్ రేంజ్‌కు వెళ్లడం ఈరోజు రెండోసారి. నిన్న రాత్రే దాన్ని విప్పి, ఫ్యాక్టరీలో పూసిన జిడ్డంతా తుడిచి, స్లైడ్ (కాల్చినప్పుడల్లా వెనక్కి పోయి వచ్చే పై భాగం) జారే గాడుల్లో తలా ఒక చుక్క నూనె వేసి పెట్టుకున్నాను. తూటాలు నింపే మ్యాగజైన్ స్ప్రింగ్ ఇంకా గట్టిగానే ఉంది. చివరి రెండు తూటాలు ఎక్కించేసరికి బొటనవేలు ఎర్రబడింది.

మొదటి మ్యాగజైన్ సాఫీగా గడిచింది. రెండోదానిలో నాలుగో తూటా పేలాక స్లైడ్ పూర్తిగా మూసుకోలేదు. వేలు ట్రిగ్గర్ మీద నుంచి తీసి, పిస్టల్ గొట్టం లక్ష్యం వైపే ఉంచి చూశాను. కాలిన తూటా తాలూకు ఇత్తడి గొట్టం బయటికి ఎగరకుండా, స్లైడ్‌కు ఉన్న కిటికీలో పొగగొట్టంలా నిటారుగా ఇరుక్కుని ఉంది. మ్యాగజైన్ దించి, స్లైడ్ లాగి దాన్ని వదిలించాను. కాసేపటికి మళ్లీ అదే. మూడోసారి కూడా అయ్యేసరికి మనసు చివుక్కుమంది. ఎన్నో నెలలు ఆలోచించి కొనుక్కున్నది, లోపమున్నదే నాకు దొరికిందా అనుకున్నాను.

పక్కనే గమనిస్తున్న శిక్షకుడు నా పిస్టల్‌తోనే, నా తూటాలతోనే ఒక మ్యాగజైన్ పూర్తిగా కాల్చారు. ఒక్కటీ ఇరుక్కోలేదు. "తుపాకీది కాదు, మణికట్టు వదిలేస్తున్నారు" అన్నారు.

ఆయన చెప్పాక లోపల జరిగేది కళ్లకు కట్టింది. పేలుడు తోపుకి పిస్టల్ గొట్టం, స్లైడ్ రెండూ కలిసి కొన్ని మిల్లీమీటర్లు వెనక్కి వస్తాయి. అక్కడ పిస్టల్ గొట్టం వెనుక భాగం కిందికి వాలి స్లైడ్‌ను వదిలేస్తుంది. స్లైడ్ ఒంటరిగా వెనక్కి పోతూ ఖాళీ ఇత్తడి గొట్టాన్ని లాగి విసిరేసి, తిరిగి వస్తూ కొత్త తూటాను తోసుకుంటుంది. 1911లో అమెరికా సైన్యం తీసుకున్న జాన్ బ్రౌనింగ్ రూపొందించిన పిస్టల్‌లోనూ మూలసూత్రం ఇదే. ఇదంతా సరిగ్గా జరగాలంటే కింది చట్రం కదలకూడదు. దాన్ని నిలిపేది నా చెయ్యి. మణికట్టు వెనక్కి వాలితే చట్రం కూడా స్లైడ్‌తో పాటే వచ్చేస్తుంది, స్లైడ్‌కు దక్కాల్సిన వేగం దక్కదు. ఇంత చిన్న యంత్రం పనిలో నా ఎముకలు కూడా ఒక భాగమని నాకు ఇంతవరకూ తట్టనే లేదు.

ఎడమ అరచేతిని పిడికి ఆనించి, మణికట్లు బిగించి మరో నలభై తూటాలు కాల్చాను. ఇత్తడి గొట్టాలు కుడివైపు దాదాపు ఒకే చోట పడ్డాయి. ఆ చప్పుడు చెవులకున్న రక్షణ తొడుగుల్లోంచి కూడా వినాలని ప్రయత్నించాను.

ఇంటికొచ్చాక శుభ్రం చేసేముందు మ్యాగజైన్ తీసి, స్లైడ్ వెనక్కి నిలిపి, తూటా కూర్చునే ఛాంబర్‌లో చూసి, చిటికెన వేలితో తడిమి కూడా చూశాను. మ్యాగజైన్ తీసినంత మాత్రాన పిస్టల్ ఖాళీ అయినట్టు కాదు. ఈ ఒక్క విషయంలో నేను ఎవరి మాటా నమ్మను, నా జ్ఞాపకాన్ని కూడా. పిస్టల్ గొట్టంలోంచి వచ్చిన గుడ్డముక్క నల్లగా ఉంది. నాలుగోది తెల్లగా వచ్చాక పిస్టల్‌ను పెట్టెలో పెట్టి తాళం వేశాను. తూటాలు వేరే బీరువాలో.

ఇది రాస్తుంటే కుడి మణికట్టు సన్నగా లాగుతోంది.