ట్యాంక్‌బండ్ టైమ్‌లాప్స్

ఇరవై సెకన్ల వీడియోకి దాదాపు 1 జీబీ! హుస్సేన్ సాగర్ మీద మబ్బులు ఎర్రబడటం నుంచి బుద్ధుడి చుట్టూ లైట్లు వెలిగేదాకా వరసగా తీసిన ఫోటోలన్నీ కలిపి చేసిన టైమ్‌లాప్స్ అది. ఇంత పెద్ద ఫైలు అమ్మ ఫోన్‌కి ఎలా పంపాలి?

ముందు కొలతలు తగ్గించాను. కెమెరా ఫోటో 6000×4000. ఫోన్‌లో చూడ్డానికి 1920×1080 చాలు. పిక్సెళ్లు పదో వంతు కూడా మిగలవు. తర్వాత ఎఫ్ఎఫ్ఎంపెగ్ అనే వీడియో సాఫ్ట్‌వేర్‌లో హెచ్.264 (వీడియోని కుదించే ఒక పద్ధతి) ఎంచుకుని, సీఆర్ఎఫ్ (ఎంత నాణ్యత ఉంచాలో చెప్పే నంబరు) 23 పెట్టాను. ఆ నంబరు పెంచితే ఫైలు ఇంకా తగ్గేది కానీ, ఆకాశంలో రంగులు చారలు చారలుగా విడిపోయాయి. అది నేను ఒప్పుకోను. ఆ సాయంత్రం అందమంతా ఆ రంగుల్లోనే ఉంది.

నాకు భలే నచ్చిన విషయం ఇంకోటి. వీడియోని కుదించే కోడెక్ ప్రతి ఫ్రేమునూ (వీడియోలోని ఒక్కో బొమ్మనూ) పూర్తిగా దాచదు, పక్క ఫ్రేముతో పోలిస్తే మారినదాన్నే ఎక్కువగా రాసుకుంటుంది. కదలకుండా నిలబడ్డ బుద్ధుడికి ఖర్చు చాలా తక్కువ. ఎంబీలన్నీ తినేది అలలు, చీకటి పడ్డాక ఫోటోల్లో చేరే నాయిస్, అంటే సన్నటి చుక్కలు. ఆ చుక్కల్ని తగ్గించే డీనాయిస్ ఫిల్టర్ కొద్దిగా వేయగానే సైజు బాగా దిగింది, అమ్మకి వెంటనే వెళ్లిపోయింది కూడా.

ఒరిజినల్ ఫోటోలు హార్డ్‌డిస్క్‌లో అలాగే ఉంచాను. ఇంకా ఎక్కువ పిక్సెళ్లుండే 4కే టీవీకి వేరేగా చేయాలి.