వెబ్లీ మార్క్ 6: తూటా కొనే ముందు సిలిండర్ వెనక భాగం చూడండి

అమెరికా పాత తుపాకుల మార్కెట్లో వెబ్లీ మార్క్ 6 ఇప్పటికీ దొరుకుతుంది. 1915లో బ్రిటిష్ సైన్యం తీసుకున్న రివాల్వర్ ఇది: ఆరు తూటాలు, ఆరంగుళాల బ్యారెల్, పైనుంచి మడిచి తెరిచే ఫ్రేమ్. ఎన్‌ఫీల్డ్ కర్మాగారం 1921 నుంచి 1926 వరకు చేసినవాటి మీద కిరీటం, ఎన్‌ఫీల్డ్ పేరు ఉంటాయి.

అసలు తూటా .455 (అంగుళాల్లో చెప్పే తూటా కొలత). రెండో ప్రపంచ యుద్ధం తర్వాత అమెరికాకు వచ్చిన చాలావాటికి సిలిండర్ వెనక భాగాన్ని అరగదీసి, .45 ఏసీపీ (వెనక అంచు లేని పిస్టల్ తూటా) తూటాలు, వాటిని కలిపి పట్టి ఉంచే రేకు క్లిప్పుతో పట్టేలా మార్చారు. గుర్తుపట్టడం తేలికే. తుపాకీ ఖాళీగా ఉందని రెండుసార్లు చూసుకుని మూసి, పక్కనుంచి చూడండి. సిలిండర్‌కూ వెనక ఫ్రేమ్‌కూ మధ్య ఖాళీ మరీ ఎక్కువగా ఉంటే అరగదీసినట్టే. అందులో .455 వేస్తే తూటా ముందుకు జరిగి, దాన్ని పేల్చే సూది సరిగా తగలక పేలకపోవచ్చు.

అసలు ప్రమాదం వేరే. .45 ఏసీపీ పట్టినంత మాత్రాన సరిపోయినట్టు కాదు! దాని గరిష్ఠ పీడనం 21,000 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు); .455కు దాదాపు 13,000. మామూలు ఫ్యాక్టరీ తూటాలతోనే సిలిండర్లు పగిలాయి. మార్చిన తుపాకీకి .455 స్థాయికి తగ్గించి నింపిన .45 ఆటో రిమ్ (.45 ఏసీపీకే వెనక అంచు ఉన్న రకం) తూటాలే వాడాలి.

మార్చనిదైతే .455 మార్క్ 2 తూటా వాడాలి: సుమారు 265 గ్రెయిన్ల (దాదాపు 17 గ్రాముల) మెత్తని సీసం గుండు, అడుగు బోలుగా ఉన్నది. సిలిండర్ ముందు రంధ్రాలు చాలాసార్లు బ్యారెల్ కంటే ఇరుకు. అందులోంచి నలిగి వచ్చిన గుండు, బోలు అడుగు విచ్చుకోవడం వల్లే బ్యారెల్ లోపలి మెలికల గాడులను మళ్లీ పట్టుకుంటుంది. గట్టి గుండైతే గురి చెదురుతుంది.

కాల్చే ముందు తుపాకీ మిస్త్రీకి చూపించండి.