పసిదానికి బీపీ గోలీ ఏందమ్మా?

పాప పుట్టిన పన్నెండో రోజున ఎడమ కంటి పై రెప్ప మీద ఎర్రటి చుక్క కనిపించింది. దోమ కుట్టిందనుకున్నాం. మా ఆయన ఆ వారమే కిటికీలన్నిటికీ మెష్ కొట్టించాడు. ఆవగింజంత ఉన్నది నాలుగు రోజుల్లో పెసరగింజంత అయింది. నెల తిరిగేసరికి కందిబద్దంత, ఉబ్బెత్తుగా. పాప ఏడిస్తే ఇంకా ముదురు ఎరుపు.

అత్తమ్మ నల్గొండ నుంచి వచ్చి చూడగానే, "గ్రహణం నాడు మొఖం మీద చెయ్యి పెట్టుకున్నవా?" అని అడిగింది. నిద్రలో నా చెయ్యి ఎక్కడుందో నాకేం తెలుసు? పక్కింటావిడ పొద్దున్నే పాచి ఉమ్మి రాయమంది. కంటి దగ్గర అలాంటివి వద్దని గట్టిగా చెప్పాను. దిష్టి చుక్కకి మాత్రం అడ్డు చెప్పలేదు. ఎడమ రెప్ప మీద ఎరుపు, కుడి బుగ్గ మీద కాటుక.

మొదట చూపించిన పిల్లల డాక్టర్ రెండు నిమిషాల్లో తేల్చేశారు. హెమాంజియోమా, అంటే రక్తనాళాలు గుంపుగా పెరిగిన గడ్డ, క్యాన్సర్ కాదు, కొన్నేళ్లకి దానంతటదే తగ్గుతుంది, ఏం చెయ్యక్కర్లేదు. ఆ రోజు ఇంటికొచ్చి చాన్నాళ్లకి కడుపునిండా అన్నం తిన్నాను. ఆయన చెప్పింది అబద్ధం కాదు, ఇవి చాలావరకు అలాగే తగ్గుతాయట. కాకపోతే ఆయన రెప్ప ఎత్తి చూడలేదు.

ప్రతి ఆదివారం మచ్చ పక్కన రూపాయి బిళ్ళ పట్టుకుని ఫొటో తీసేవాళ్లం, ఎంత పెరిగిందో తెలియడానికి. ఎనిమిదో వారంలో ఒక రాత్రి ఆ ఫొటోలన్నీ వరసగా జరుపుతూ చూశాను. మచ్చ సంగతి అలా ఉంచితే, కన్ను వారం వారం చిన్నదైపోతోంది. చివరి ఫొటోలో సగమే తెరుచుకుని ఉంది.

పొద్దున్నే ఎల్‌బీ నగర్‌లో మెట్రో ఎక్కాం, బంజారాహిల్స్‌లో కంటి డాక్టర్ దగ్గరికి. మలక్‌పేటలో ఎక్కినావిడ "అయ్యో, కాలిందా బిడ్డా?" అంది. ఖైరతాబాద్ వచ్చేలోపు ముగ్గురికి పుట్టుమచ్చ అని చెప్పాను. నిజానికి పుట్టినప్పుడు అది లేనే లేదు.

ఆ డాక్టరమ్మ వివరంగా చెప్పారు. గడ్డ బరువుకి రెప్ప కనుగుడ్డును నొక్కితే సైట్ వస్తుంది. రెప్ప చూపుకి అడ్డం పడితే మెదడు ఆ కన్నును వాడటమే మానేస్తుంది. "మచ్చకి టైముంది, కంటికి లేదు" అన్నారు. మొదటి కొన్ని నెలల్లోనే ఇవి వేగంగా పెరుగుతాయి కాబట్టి మందు మొదలెట్టాలంటే ఇప్పుడే. మా ఆయన లేజర్ గురించి అడిగాడు. లేజర్ ఎక్కువగా వాడేది పుట్టుకతోనే చదునుగా ఉండి, వయసుతో పాటు పోకుండా ఉండిపోయే పోర్ట్‌వైన్ మచ్చలకట. మాకు రాసింది ప్రొప్రనొలాల్.

మెడికల్ షాపు అబ్బాయి చీటీ రెండుసార్లు చదివి, "మేడం, ఇది బీపీ మాత్ర, పెద్దవాళ్లకా?" అన్నాడు. అత్తమ్మకి ఆ ఒక్క ముక్క చాలు. "పసిదానికి బీపీ గోలీ ఏందమ్మా? మచ్చే కదా, ఉంటే ఉండనీ."

ఆ రాత్రి నేనూ ఇవ్వలేదు. ఫోన్‌లో చదువుతూ కూర్చున్నాను. ఫ్రాన్స్‌లోని బోర్డోలో ఒక బిడ్డకి ముక్కు మీద ఇలాంటి గడ్డే. దానికి స్టెరాయిడ్లు వాడుతుండగా గుండె జబ్బు బయటపడితే ప్రొప్రనొలాల్ ఇచ్చారు. మర్నాటికే గడ్డ రంగు మారి మెత్తబడింది. అక్కడి డాక్టర్లు 2008లో ఆ సంగతి ప్రచురించారు. అమెరికా ప్రభుత్వం 2014లో పసిపిల్లల కోసమే దీని సిరప్‌కి అనుమతి ఇచ్చింది. గుండె కోసం ఇస్తే మచ్చ తగ్గడం! ఇది చదివాక భయం పోలేదు గానీ, ఇద్దామని మనసు మొగ్గింది. మా ఆయన్ని లేపి చెప్పాను. "నువ్వెలా అంటే అలా" అన్నాడు. అంటే భారం నా మీదే అన్నమాట.

ఈసీజీ, ఎకో తీశారు. ఆ చిన్న ఛాతీ మీద స్టిక్కర్లకి చోటే చాల్లేదు. మొదటి డోసు వేశాక రెండు గంటలు అక్కడే కూర్చోబెట్టి గుండె వేగం, బీపీ చూశారు. ఇంట్లో డోసెంతో ఇక్కడ రాయను, బరువును బట్టి డాక్టరే లెక్కేస్తారు. రాయాల్సింది ఒకటుంది. పాలు తాగాకే మందు. తాగకపోయినా, వాంతులవుతున్నా ఆ పూట ఆపెయ్యాలి, లేకపోతే షుగర్ పడిపోతుంది. పిల్లికూతలు వినిపించినా మందు ఆపి వెంటనే ఫోన్ చెయ్యమన్నారు.

ఈ రూల్స్ నాకంటే అత్తమ్మకే బాగా పట్టాయి. నేను సిరంజి తీస్తే చాలు, "తాగిందా? నిండా తాగిందా?" అని లాయర్‌లా అడిగేది. ఒకసారి జలుబు చేసి పాప పాలు ముట్టలేదు. డాక్టరమ్మకి ఫోన్ చేసి డోసు ఆపాం. అత్తమ్మ మాత్రం తెల్లారేదాకా పాదాలు పట్టుకుని కూర్చుంది, చల్లబడతాయేమోనని.

వారానికే ఎరుపు మాసి ఊదా రంగులోకి వచ్చింది. ఇప్పుడు పదో నెల. మచ్చ మధ్యలో బూడిద రంగు, కన్ను పూర్తిగా తెరుచుకుంటోంది. కొద్దిగా సైట్ ఉందట, చూస్తున్నారు. మందు ఎప్పుడు ఆపాలో పుట్టినరోజు అయ్యాక చెప్తామన్నారు.

మొన్న ఆదివారం పాప రూపాయి బిళ్ళ లాక్కుని నోట్లో పెట్టుకోబోయింది. ఇక నుంచి నాణెం లేకుండానే ఫొటో.