ఆకలి, వాసన, నాలుగు మార్కుల ప్రశ్న

మాది పర్లాకిమిడి. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, ఎమ్మెస్సీ పుస్తకాలు ఇంగ్లీషు. పరిశోధన ఫెలోషిప్, అధ్యాపక అర్హత కోసం రాసే సీఎస్‌ఐఆర్ నెట్ లైఫ్ సైన్సెస్‌కు చదివిన రోజుల్లో ఈ మూడు భాషల నడుమ నేను ఎక్కువగా తడబడిన అంశం, వాసనను గుర్తించే నాడీ వలయాల తీరును న్యూరోపెప్టైడ్లు (నాడీకణాలు సంకేతాలుగా విడుదల చేసే చిన్న అమైనో ఆమ్లాల గొలుసులు) ఎలా మారుస్తాయన్నది. గజపతి, గంజాం, రాయగడ వైపు నుంచి ఇదే పరీక్షకు సిద్ధమవుతున్నవారికి పనికొస్తుందని ఆ ఒక్క అంశం గురించే రాస్తున్నాను.

ఒక కోచింగ్ కేంద్రం ఇచ్చిన నోట్సులో ఎడమవైపు పెప్టైడు పేరు, కుడివైపు దాని పని ఉండేవి: ఎన్‌పీవై (న్యూరోపెప్టైడ్ వై) అంటే ఆకలి, ఆక్సిటోసిన్ అంటే అనుబంధం. ఆ పట్టికను వల్లె వేసి మాక్ టెస్టుకు కూర్చున్నాను. ఆకలిగొన్న పండ్ల ఈగ ఆహారపు వాసన వైపు ఎక్కువగా ఎందుకు వెళుతుందన్న ప్రశ్నకు, పెప్టైడు ఎక్కువగా ఊరుతుంది కాబట్టి అని గుర్తించాను. అది తప్పు. పార్ట్ సీలో 75 ప్రశ్నల నుంచి 25 రాయాలి, ఒప్పయితే 4 మార్కులు, తప్పయితే ఒక మార్కు కోత. పోయిన మార్కుల కంటే, తప్పు ఎక్కడుందో తెలియకపోవడమే నన్ను ఎక్కువగా బాధించింది.

అసలు సంగతి రిసెప్టరులో, అంటే పెప్టైడును అందుకునే కణం మీది ప్రోటీనులో ఉంది. ఈగ స్పర్శశృంగంలోని వాసన న్యూరాన్ల (నాడీకణాల) తంతువులు మెదడులోని యాంటెనల్ లోబ్‌కు చేరి, గ్లోమెరులై అనే చిన్న ఉండల్లో తరువాతి న్యూరాన్లను కలుస్తాయి. కడుపు నిండిన ఈగలో ఇన్సులిన్ సంకేతం బలంగా ఉండి, ఎస్‌ఎన్‌పీఎఫ్ అనే పెప్టైడుకు చెందిన రిసెప్టరు తయారీని ఈ న్యూరాన్లలో అణచి ఉంచుతుంది. ఆకలి వేసినప్పుడు ఇన్సులిన్ తగ్గి, ఆ రిసెప్టరు పెరుగుతుంది. అప్పుడు న్యూరాను తాను విడుదల చేసిన ఎస్‌ఎన్‌పీఎఫ్‌ను తన తంతువు చివరే అందుకుని, తరువాతి న్యూరానుకు అసిటైల్‌కోలిన్ అనే సంకేత రసాయనాన్ని మరింతగా అందిస్తుంది. పండిన పండు, వెనిగర్ వాసనలను పట్టే డీఎం1 గ్లోమెరులస్‌లో 2011లో చూపిన విషయం ఇదే. మరోవైపు, ఘాటైన వెనిగర్‌కు ఈగ దూరంగా పోయేలా చేసే డీఎం5లో ఆకలి వేళ టాకికైనిన్ అనే మరో పెప్టైడు రిసెప్టరు పెరిగి, ఆ దారి గొంతు నొక్కుతుంది. అంటే ఒకే ఆకలి ఒక దారిని బలపరుస్తూ మరొక దారిని బలహీనపరుస్తుంది. పట్టికలోని ఒక గడిలో ఇది ఇమడదు.

పోయిన ఎండాకాలం పనస తొనలు ఒలిచిన పీటను అమ్మ అరుగు మీద వదిలేస్తే, దాని జిగురు చుట్టూ చేరిన ఈగలను చూస్తూ ఈ వలయాన్ని సుద్దముక్కతో నేల మీద గీసుకున్నాను. బాణం ముందుకు పోకుండా వెనక్కి తిరిగి బయలుదేరిన చోటికే చేరుతుందని అలా గీసినప్పుడే నాకు బోధపడింది. అప్పటి నుంచి ప్రతి పెప్టైడుకూ అవే ప్రశ్నలు వేసుకునేదాన్ని: ఏ కణం విడుదల చేస్తుంది, రిసెప్టరు సినాప్స్‌కు (రెండు న్యూరాన్లు కలిసే చోటుకు) ముందా తరువాతా, శరీరం ఏ స్థితిలో ఉన్నప్పుడు?

ఇక్కడ చాలామంది కాలు జారే చోటు ఒకటుంది. ఛత్రపురం వైపు బంధువుల ఇంటికి వెళితే మొగలి పూల వాసన మొదట ముక్కుపుటాలను నింపుతుంది, కొన్ని నిమిషాలకు తెలియకుండా పోతుంది. ఇది పెప్టైడు పని కాదు. ముఖ్యంగా వాసన న్యూరానులోకి చేరిన కాల్షియం ఆ న్యూరాను స్పందననే తగ్గించే అనుకూలనం. ఆప్షన్లలో ఈ రెండింటినీ పక్కపక్కన పెడితే తొందరపడకండి.

క్షీరదాల భాగాన్ని ఇదే చూపుతో చదవండి. ఆక్సిటోసిన్, వాసోప్రెసిన్ రెండూ 9 అమైనో ఆమ్లాల పెప్టైడ్లే. ముక్కు సంకేతాలు మెదడులో మొదట చేరే భాగమైన ఎలుకల ఘ్రాణ లంబికలోనే వాసోప్రెసిన్ తయారుచేసే కణాలున్నాయని 2010లో తేలింది. అక్కడ దాని రిసెప్టరును అడ్డుకుంటే, కాసేపటి క్రితం కలిసిన పిల్ల ఎలుకను పెద్ద ఎలుక గుర్తుపట్టలేక కొత్తదాన్ని చూసినట్టే మళ్ళీ వాసన చూస్తుంది. ఆక్సిటోసిన్ అయితే లంబిక తరువాతి మెదడు భాగమైన ముందరి ఘ్రాణ కేంద్రకాన్ని ఉత్తేజపరిచి, అక్కడి నుంచి లంబికలోని గ్రాన్యూల్ కణాల ద్వారా, వాసన సంకేతాన్ని ముందుకు పంపే మైట్రల్ కణాలపై నిరోధాన్ని పెంచుతుంది. నిరోధం పెరిగితే వాసన మందగించాలి కదా అని నేనూ అనుకున్నాను. కానీ నేపథ్యపు సందడి తగ్గి, తోటి ఎలుక వాసన దానిలోంచి స్పష్టంగా తేలుతుంది.

ఇవన్నీ నెమ్మదిగా ఎందుకు సాగుతాయో కణశాస్త్రం యూనిట్‌తో కలిపి చదవండి: పెద్ద, దట్టమైన సంచుల్లో నిల్వ, విడుదలకు సాధారణంగా వేగవంతమైన వరుస ప్రేరణల అవసరం, ఎక్కువగా కణం లోపలి జీ ప్రోటీన్ల ద్వారా పనిచేసే రిసెప్టర్లు, తిరిగి పీల్చుకునే ఏర్పాటు లేక ఎంజైముల చేతిలో విచ్ఛిన్నం. కాల్‌మన్ సిండ్రోమ్‌ను అభివృద్ధి జీవశాస్త్రం పక్కన రాసుకోండి. యవ్వనారంభాన్ని నడిపే జీఎన్‌ఆర్‌హెచ్ హార్మోనును విడుదల చేసే న్యూరాన్లు పిండదశలో ముక్కు ప్రాంతం నుంచే మెదడులోకి వలస వెళతాయి కనుక, ఆ ప్రయాణం చెడినవారిలో యవ్వనారంభం ఆగిపోవడమూ వాసన తెలియకపోవడమూ జంటగా కనిపిస్తాయి.