పార్కుకెళ్లినా మనసు తేలికపడటం లేదా?

రోజూ పార్కులో నాలుగు రౌండ్లు కొడుతున్నా బుర్రలో రొద తగ్గట్లేదని చాలామంది అంటుంటారు. తప్పు పార్కుది కాకపోవచ్చు. ముందు చెవుల్లోని ఇయర్‌ఫోన్స్ తీసి చూడండి.

పనిలో ఉన్నంతసేపూ ధ్యాసను బలవంతంగా ఒకచోట నిలబెడతాం, అడ్డొచ్చిన ప్రతిదాన్నీ పక్కకు నెడతాం. ఆ నెట్టే ఓపిక అయిపోయినప్పుడే చిరాకు, మతిమరుపు. కదిలే ఆకులు, నీటి మీద వెలుగు కూడా ధ్యాసను లాగుతాయి గానీ పట్టుబట్టవు. చూస్తే చూస్తాం, లేకపోతే లేదు. అలసిన ధ్యాసకు తీరిక దొరికేది అక్కడే. మనస్తత్వ శాస్త్రవేత్తలైన రేచల్, స్టీఫెన్ కప్లాన్ దంపతులు 1989లో పుస్తకంగా రాసిన సిద్ధాంతం సారాంశం ఇది. ఫోన్‌లో వీడియో అలా వదిలిపెట్టదు, అందుకే గంటసేపు చూసినా అలసట పోదు.

'మూడ్ లేదు, ఇవాళ వద్దులే' అనుకోవడం మరో పొరపాటు. 2008లో మిషిగన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు కొందరిని ఒకసారి చెట్ల మధ్య, ఇంకోసారి నగరం నడిబొడ్డున నడిపించి, అంకెల వరసను వెనక నుంచి ముందుకు చెప్పించారు. చెట్ల మధ్య నడిచొచ్చాకే బాగా చెప్పారు. గడ్డకట్టే చలిలో, ఏమాత్రం ఇష్టం లేకుండా నడిచినవాళ్లకీ ఆ లాభం దక్కింది!

ఎంతసేపు? 2019 నాటి ఒక అధ్యయనంలో ఒత్తిడి హార్మోన్ కార్టిసాల్ అన్నిటికన్నా వేగంగా తగ్గింది 20 నుంచి 30 నిమిషాల మధ్య. షరతులు మాత్రం గట్టివి: పగటి వెలుగు ఉండాలి, ఫోన్, కబుర్లు, చదవడం, చెమట పట్టే వ్యాయామం ఉండకూడదు. అదే ఏడాది ఇంగ్లండ్‌లో దాదాపు 20,000 మందిని అడిగితే, వారానికి 120 నిమిషాలైనా ప్రకృతిలో గడిపేవాళ్లు ఆరోగ్యం బాగుందని ఎక్కువగా చెప్పారు. ఆ సమయమంతా ఒకేసారి గడిపినా, విడతలుగా గడిపినా తేడా లేదు. ఇది సర్వే మాత్రమే. ఆరోగ్యం బాగున్నవాళ్లే ఎక్కువ తిరుగుతూ ఉండొచ్చు. కాబట్టి 120ని మందు మోతాదులా పట్టుకోనక్కర్లేదు.

ఫోన్ సైలెంట్‌లో పెట్టి జేబులో వేసుకోండి. మొదటి ఐదు నిమిషాలూ పాత ఆలోచనలే తిరుగుతాయి, వాటితో కుస్తీ పట్టకండి. మామూలు నడకలో సగం వేగం చాలు. తర్వాత ఒక్క కొమ్మ దగ్గర ఆగండి. చివర చిగురు లేత ఎరుపులో నిగనిగలాడుతుంటుంది, కిందికొచ్చేకొద్దీ ఆకు ముదురుతుంది, ఏదో ఒకదానికి పురుగు కొరికిన కంత ఉంటుంది, కాడ పక్కన చీమలు. ఫొటో తీయాలనిపిస్తుంది. తీయకండి, తీశారంటే ధ్యాస మళ్లీ స్క్రీన్ మీదికే పోతుంది.

స్నేహితుడితో వెళ్లి ఆఫీసు గొడవలే తవ్వుకుంటే ఆ నడక దండగ. నెలకోసారి దూరపు అడవికి వెళ్లాలని ప్లాన్ వేసి వాయిదా వేయడం కన్నా వీధి చివరి చెట్టు నయం. రెండు వారాలకు పైగా దిగులు, నిద్రలేమి వదలకపోతే డాక్టర్ దగ్గరికి వెళ్లాల్సిందే. నడక మొదలుపెట్టామని సొంతంగా మందులు ఆపకూడదు.

బయటికి కదల్లేనివాళ్లకు కిటికీ ఉంది. గాల్‌బ్లాడర్ ఆపరేషన్ అయినవాళ్ల రికార్డులు పరిశీలించి రోజర్ ఉల్‌రిచ్ అనే పరిశోధకుడు 1984లో రాసినదాని ప్రకారం, కిటికీలోంచి చెట్లు కనిపించినవాళ్లు ఇటుక గోడ కనిపించినవాళ్లకన్నా త్వరగా ఇంటికెళ్లారు, గట్టి నొప్పి మందులూ తక్కువే వాడారు. మంచం ఎటు వేశారో ఒకసారి చూసుకోండి. తల కిటికీ వైపు ఉంటే, కిటికీ ఎదురుగా కనిపించేలా తిప్పేయండి.